నాయన విసిరిన కంప్యూటరు

మా నాయన ముత్యాలయ్యకు ఒక జబ్బుంది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా దాన్ని బాగుచేసేదాకా ఆయనకు అన్నం సహించదు. అది చెడిపోయి ఉండాల్సిన అవసరం కూడా లేదు. అందుకే చాప కంప్యూటరు ఇంటికొచ్చిన రోజే నాకు గుబులు పట్టుకుంది.

చాప కంప్యూటరంటే నిజంగానే చాప లాంటిది. చుట్టి చంకలో పెట్టుకుపోవచ్చు. విప్పితే సగం తెర, సగం అక్షరాల మీటలు. మద్రాసులో ఒక కంపెనీ తయారుచేసింది. పల్లెల్లో పనికొస్తుందో లేదో వాడి చూసి, నెలకో రిపోర్టు రాయడానికి నన్ను మూడు నెలలకు పెట్టుకున్నారు. చివర్లో ఒక పరీక్ష. నెగ్గితే ఉద్యోగం ఖాయం. పోతే మళ్లీ నాయుడుపేటలో జిరాక్సు షాపు. అక్కడ రెండేళ్లు నిలబడి ఊరందరి ఆధార్ కార్డులకు రెండు వైపులా కాపీలు తీశాను. చచ్చినా మళ్లీ అక్కడికి పోను. అందుకే మొదటి నెల రిపోర్టులోనే ‘అద్భుతం’ అని రాసి పంపాను.

నిజానికి అది కుక్క తోక. ఎంత సాపు చేసినా మళ్లీ చుట్టుకుపోయేది. వాకాడు పక్కన మా ఊరికి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పులికాట్ సరస్సు. గాలికి ఏ పూటా సెలవు లేదు. గుమ్మం దగ్గర విప్పితే గోడకు పోయి అతుక్కునేది. అమ్మ దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. కాఫీకి వచ్చిన నరసయ్య మామను ఒక చివర కూర్చోబెట్టింది. మామ కదిలినప్పుడల్లా నా రిపోర్టులో ఒక పేరా ఎగిరిపోయేది. రెండో నెల ‘గాలిలోనూ నిలకడగా ఉంటుంది’ అని రాశాను. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి కదా!

పరీక్ష రోజు పొద్దున లేచి చూద్దును కదా, కంప్యూటరు నాలుగంచులకూ సీసపు గుండ్లు వేలాడుతున్నాయి. నాయన తన పాత విసురు వలకున్న గుండ్లన్నీ ఊడదీసి, నైలాను దారంతో వరసగా కుట్టేశాడు.

“ఏం జేసినావు నాయనా! ఇది కంపెనీది!” అని అరిచాను.

“కంపెనీ వాళ్లకి బుద్ధి లేదు పాపా. వలకైనా దీనికైనా అంచుకే గదమే బరువుండాల్సింది. ఇదేమో బోసిగా ఉండాది” అన్నాడు నాయన, మెచ్చుకోమన్నట్టు చూస్తూ.

విప్పదీయడానికి టైము లేదు. సిగ్నలు అందేది సరస్సు ఒడ్డునే. అక్కడ పడవ కట్టే కొయ్యకు నా ఫోను కట్టాను. వీడియోలో కంపెనీ పెద్ద చంద్రమౌళి గారు మద్రాసు నుంచి బల్ల మీదికి వంగి కూర్చుని కనిపించారు. చాప కంప్యూటరు కెమెరా కూడా అదే మీటింగులో ఉంది.

“ఆ అంచులకు ఏంటమ్మా అవి?” అన్నారు ఆయన.

“అలంకారం సార్.”

“సరే. ఇదెప్పుడూ వాడని మనిషొకరు మీరేం చెప్పకుండా విప్పి చూపాలి. మీరు నోరు తెరిస్తే పరీక్ష రద్దు.”

అక్కడ ఉన్నది నాయనొక్కడే. కంప్యూటరు చుట్ట ఆయన చేతికిచ్చి, విప్పమని సైగ చేసి, మూతి బిగించుకుని నిలబడ్డాను.

నాయన చుట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక అంచుకు దారం ముడేసి, రెండో కొసను కుడి మణికట్టుకు చుట్టుకున్నాడు. సగం ఎడమ మోచేతి మీద వేసుకుని, ఒక మూల పళ్లతో పట్టుకున్నాడు. గుండ్లున్న దాన్ని విప్పే పద్ధతి ఆయనకు పదేళ్ల వయసు నుంచీ ఒక్కటే తెలుసు. నేను వద్దన్నట్టు చేతులూపాను. ‘దూరంగా విసరమంటోంది కాబోలు’ అనుకున్నాడేమో, ఇంకో అడుగు నీళ్లలోకి వేశాడు. అరిస్తే ఉద్యోగం పోతుంది. అరవకపోతే కంప్యూటరు పోతుంది.

అరవలేదు. నాయన నడుము తిప్పి విసిరాడు.

ఏమాటకామాటే చెప్పాలి, మూడు నెలల్లో మొదటిసారి అది పూర్తిగా విచ్చుకుంది. ఒక్క మడత లేదు. అలాగే వెళ్లి మోకాలిలోతు నీళ్లలో పడి మునిగింది. ‘నీళ్లలో పడినా ఏమీ కాదు’ అని పెట్టె మీద రాశారు. వాళ్లు రాసిన తొమ్మిది గొప్పల్లో అదొక్కటే నిజమని ఆరోజు తేలింది. మీటింగులో పచ్చటి నీళ్లు కనిపించాయి, తర్వాత బురద, తర్వాత ఒక పీత పొట్ట. పీత ఎక్కడ కాలు పెట్టిందో గానీ నా పేరు పక్కన చెయ్యెత్తిన బొమ్మ వచ్చింది.

“సుభాషిణి గారూ, చెయ్యెత్తారు. చెప్పండి” అన్నారు చంద్రమౌళి గారు.

నేను కాదు సార్ అని చెప్పడానికి కూడా లేదు.

నాయన దారం లాగి కంప్యూటరును ఒడ్డుకు చేర్చాడు. పీతను విదిలించి, తెరను లుంగీతో తుడిచాడు. అది వెలుగుతూనే ఉంది.

“పెద్దాయనా, వాడుకకు ఎట్లా ఉంది?” అని అడిగారు చంద్రమౌళి గారు.

“విచ్చుకునేదానికి ఏం ఇబ్బంది లేదయ్యా. కంతలు లేవు, అదే తక్కువ. నీళ్లు పోయే దారి లేక బరువెక్కింది.” నాయన మణికట్టుకున్న దారం విప్పుకున్నాడు. “ఒక మాట చెప్తానయ్యా. మా పాప మూడు నెల్లుగా దీని రెండు మూలల మీదా మోచేతులు ఆనించుకోని రాస్తా ఉండాది. తోలు లేచిపోయినాది. అది చూడలేకే గుండ్లు కుట్టినా.”

ఆయన గమనిస్తున్నాడని నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే క్షణంలో నాయన నోరు నొక్కేయాలని కూడా అనిపించింది.

“మూడో రిపోర్టులో ‘చేతులకు హాయి’ అని రాశారు కదమ్మా?” అన్నారు చంద్రమౌళి గారు.

ఇక దాచేదేముంది? రెండు చేతులూ మడిచి ఫోను ముందు పెట్టాను. మోచేతులు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. “అబద్ధం రాసినా సార్. మూడు రిపోర్టులూ అబద్ధమే. నిజం రాస్తే ఉద్యోగం ఇయ్యరని” అన్నాను.

జిరాక్సు మిషను వేడి అప్పుడే మొహానికి తగిలినట్టయింది.

“పన్నెండు మందిని పెట్టుకున్నాం. పన్నెండు మందీ ‘హాయి’ అనే రాశారు” అన్నారు ఆయన మెల్లగా. “నాకే ఏదో రోగం ఉందనుకున్నానమ్మా!”

అని, మీటింగు మొదలైనప్పటి నుంచీ బల్ల మీద ఆనించి ఉన్న చేతులు రెండూ పైకెత్తి చూపారు. ఆయన మోచేతులు నావాటికన్నా నల్లగా ఉన్నాయి. మరుక్షణం ఆయన ముందున్న చాప కంప్యూటరు చటుక్కున చుట్టుకుపోయి, ఆయన మొహం మాయమైంది.

చీకటి తెరలోంచి గొంతు మాత్రం వినిపించింది. “సోమవారం చేరండమ్మా. ఈసారి నిజాలు రాద్దురు గాని. పెద్దాయనా, నాక్కూడా ఓ నాలుగు గుండ్లు కుట్టిపెడతారా?”