బాక్టీరియా కడుపులో గుండు

మా నాన్నకు ముక్కు మీదే కోపం. బడులకు సైన్సు బొమ్మలు చేయడంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. రంగులు కలిపి, పెట్టెలు సర్దే నాదీ అదే నమ్మకం అనుకోండి. అందుకే చెల్లి ఆ మాట అనగానే నేను నాన్న ముఖం వంక చూశాను.

"చూపులేని పిల్లల బడికి పంపే బొమ్మల్ని చివర్లో తడిమి చూసే పని నాకివ్వు నాన్నా," అంది.

చెల్లికి పుట్టుకతోనే చూపు లేదు. ఆ బడిలోనే చదివింది. ఉద్యోగం కోసం ఎక్కడికెళ్లినా "కబురు చేస్తాం" అన్నవాళ్లే తప్ప చేసినవాళ్లు లేరు. ఇంట్లోనూ కాదంటే ఇక ఎవరినీ ఏదీ అడగదని నా భయం.

"అంటే నా పనికి వంకలు పెడతావన్నమాట!" అని నాన్న గయ్యిమన్నాడు. అయినా రెండు బొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఊఁ, కానీ."

ముందు జంతుకణం అందుకుంది. "ఇదిగో కేంద్రకం, చుట్టూ పొర. ఇవి మైటోకాండ్రియా. బాగుంది."

నాన్న మీసం దువ్వుకున్నాడు.

తర్వాత బాక్టీరియా. పైన గట్టి గోడ, వెనక తోక, లోపల చిన్నచిన్న రైబోజోములు. మధ్యలోకి రాగానే చెల్లి వేళ్లు ఆగిపోయాయి.

"దీనికీ కేంద్రకం పెట్టావేంటి? బాక్టీరియాకు ఉండదుగా! డీఎన్ఏ పొరా గిరా లేకుండా చిక్కుపడి ఉంటుందంతే."

"కేంద్రకం కాదే పిచ్చిదానా! స్టాండుకు బిగించిన బోల్టు తల. పైన పుట్టీ గుండులా పెట్టి లోపలి రంగే వేశాను. కంటికి ఆనదు."

"ఎవరి కంటికి నాన్నా?"

నవ్వు దాచుకోవడానికి నేను దగ్గాను.

"సరే, డీఎన్ఏ ఏది మరి?" అంది చెల్లి.

"అదిగో, ఎర్రరంగుతో ఎంత బాగా గీశానో..." అంటూనే నాన్న ఆగిపోయాడు. ఆ గీత మీద తన వేలు పెట్టి చూసుకున్నాడు. ఏమీ తగల్లేదు.

చెల్లిని చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

నాన్న చిరాకంతా నా మీదే చూపించాడు. "విన్నావా? ఇకమీదట మీ చెల్లి సరేనంటేనే ఏ పెట్టెకైనా మేకు కొట్టేది!"

"అయితే ఈ బాక్టీరియా వెళ్లదు నాన్నా," అంది చెల్లి, బొమ్మను ఆయన చేతుల్లో పెడుతూ. "మళ్లీ చెయ్యి."