ఎనిమిది పాయింట్ల రక్తం

"కొండెక్కడానికి పొరుగు దేశం ఎల్లాలేటే? మన జీడితోట కొండ ఏటైపోనాది?" అన్నాడు గిరిబాబు, కంచంలో చెయ్యి కడిగేస్తూ.

పద్మకుమారి మొగుడి కంచం తీసింది, అత్త దేముడమ్మ కంచం తీసింది, ఎంగిలి తుడిచింది. అప్పుడు తను తినడానికి గిన్నెల్లోకి చూసుకుంది. అన్నం అడుగున పిడికెడుంది. పులుసులో ముక్క లేదు, నీళ్ళే. అది కొత్త కాదు గనక దాని గురించి ఆలోచించలేదు. పొద్దున తన నోట్లోంచి వచ్చిన మాట గురించే ఆలోచిస్తోంది.

కూతురు ఝాన్సీ విశాఖపట్నంలో బ్యాంకులో పనిచేస్తుంది. నేపాల్లో అన్నపూర్ణ అనే మంచుకొండ దగ్గరికి నడిచివెళ్ళే జట్టులో తనూ, స్నేహితురాలూ పేర్లు రాయించుకున్నారు. స్నేహితురాలు మానేసింది. పొద్దున ఫోన్ చేసి, "అమ్మా, నువ్వొస్తావా? వారం రోజుల నడక" అంది. "వస్తాను" అంది పద్మకుమారి. అంతే. మీ నాన్నని అడిగి చెబుతాననలేదు. మీ నాయనమ్మకి ఎవరు వండుతారనలేదు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఎవర్నీ అడక్కుండా ఇచ్చిన మొదటి మాట అది. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే నిలబడింది, ఆ గొంతు తనదేనా అని.

ఒక్క షరతు ఉంది. డాక్టరు సంతకం చేసిన కాగితం ఉంటేనే జట్టువాళ్ళు రానిస్తారు. ఆ మాట విన్నాక గిరిబాబు మొహం తేటపడింది. "ఆ డాక్టరే వద్దంటాది. నాను సెప్పి సెడ్డవడ్డం ఎందుకు?" అని తల్లితో అన్నాడు. ఆమె ఆసుపత్రికని విజయనగరం బస్సెక్కేటప్పుడు తనూ ఎక్కాడు.

డాక్టరు విశాలి చిన్న వయసు మనిషి. పద్మకుమారిని మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగమంది. దిగాక నాడి పట్టుకుని చూసింది, వేలికి క్లిప్పు పెట్టి చూసింది, మళ్ళీ నాడి చూసింది.

"ఆయాసం రాలేదా?"

"దేనికమ్మా?" అంది పద్మకుమారి.

"ఏం పని చేస్తారు?"

"జీడితోటకి ఎల్తానమ్మా. కొండ మీదున్నాది. దిగినప్పుడు కట్టెల మోపు తెస్తాను."

"మీ ఊపిరికి వంక పెట్టలేను" అంది డాక్టరు.

పద్మకుమారి మొగుడి వైపు చూసింది. అతను గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు.

తర్వాత టీకాల మాట వచ్చింది. ఇంతకు ముందు ఏమేం వేయించుకున్నారని అడిగింది డాక్టరు.

"రెండు కానుపులకీ ధనుర్వాతం సూదులేసినారమ్మా."

"కాన్పువి కాకుండా?"

పద్మకుమారి ఆలోచించింది. పిల్లలిద్దరి టీకా కార్డులూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఏ నెలలో ఏ సూదో అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. ఆవులకు గాలికుంటు టీకా ఎప్పుడు వేస్తారో తెలుసు. అత్త కంటి చుక్కలు ఏ పూటకెన్నో తెలుసు. తన ఒంటి మీద వెతుక్కుంటే భుజం మీద చిన్నప్పటి మచ్చ ఒకటి కనిపించింది. కాన్పులప్పుడు నర్సు, "బయపడకు, కడుపులో పిల్లకి మంచిది" అంటూ సూది గుచ్చింది. చెయ్యి తనదే, సూది మాత్రం ఎప్పుడూ ఇంకెవరికోసమో.

"ఇంకేటీ లేవమ్మా" అంది.

డాక్టరు వరసగా రాసింది. టైఫాయిడ్, పచ్చకామెర్లు, ఫ్లూ, మళ్ళీ ధనుర్వాతం. ఆఖరున పిచ్చికుక్క కాటు టీకా. ఆ కొండల్లో కుక్క కరిస్తే ఆసుపత్రి చేరేసరికి రోజులు పడుతుంది, ముందే వేసుకుని వెళ్ళడం మంచిది అంది.

గిరిబాబు ఉండబట్టలేకపోయాడు. "కుక్క కరవకుండానే కుక్కసూదేటండీ? ఇది ఇంటికొచ్చి నన్ను కరిచీగల్దు!"

"అయితే మీకూ ఒకటి రాయనా?" అంది డాక్టరు.

పద్మకుమారి నవ్వింది. పరాయిచోట, మొగుడి ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. మొదటి సూది వేసేటప్పుడు నర్సు అటు చూడమంది. ఆమె చూడలేదు. మందు తన కండలోకి దిగినంతసేపూ కళ్ళప్పగించి చూసింది. ఇది నాకే, అనుకుంది.

అంతా బాగానే ఉందనుకున్నప్పుడు రక్తపరీక్ష కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ మూడు. గిరిబాబు సరదాకి తనదీ చూడమన్నాడు. అతనిది పద్నాలుగున్నర.

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. పద్మకుమారిని నెలసరి గురించి అడిగింది, పొట్టలో నొప్పి ఉందా అని అడిగింది, అన్నీ రాసుకుంది. తర్వాత, "మీరిద్దరూ ఒక్క కుండలో అన్నమే తింటారా?" అంది.

"మరి రెండు కుండలేటండీ?" అన్నాడు గిరిబాబు.

"మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు?"

పద్మకుమారికి సిగ్గేసింది. దొంగతనం చేసి దొరికినట్టు తలొంచుకుంది. దొంగిలించింది తను కాదు కదా అని అప్పుడు తోచలేదు.

"ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఉన్న కాస్త గాలినీ ఒళ్ళంతా మోసేది రక్తమే. పన్నెండు దాటకుండా నేను సంతకం పెట్టను. మూడు నెలలు టైముంది" అంది డాక్టరు. ఇనుం మాత్రలు రాసింది. మాత్రతో నిమ్మరసం తాగమంది, టీ తాగొద్దంది. చీటీ అడుగున తెలుగులో ఇంకో ముక్క రాసింది: అందరికన్నా ముందు తినాలి. వేడిగా, కూర్చుని.

తిరుగు బస్సులో గిరిబాబు కిటికీ పక్కన నిద్రపోయాడు. పద్మకుమారికి నిద్ర రాలేదు. పెళ్ళయిన కొత్తలో కోతలనాడు పదిహేను మందికి వండి వడ్డిస్తే మామగారు మూతి తుడుచుకుంటూ, "మా కోడలు అన్నపూర్ణరా" అన్నాడు. ఆ మాటని ఆమె చాలా ఏళ్ళు నగలా దాచుకుంది. ఆ రోజు తను తాగింది గంజి. అన్నపూర్ణ అందరికీ పెడుతుందని లోకమంతటికీ తెలుసు, ఆవిడ తిన్నదా అని అడిగినవాళ్ళు లేరు. ఝాన్సీ కడుపులో ఉన్నప్పుడు రక్తానికి ఎర్రమాత్రలిచ్చారు. అవి మింగిందో లేదో రోజూ అత్త దగ్గరుండి చూసేది. కాన్పు అయిన మర్నాడు మిగిలిన మాత్రలన్నీ మందారం మొదట్లో వేసి, "ఇంకెందుకే నీకు?" అంది. మందారం బాగా పూసింది. తనే పాలిపోయింది. అలసటగా ఉందంటే, "ఇంట్లో కూకున్నదానికి అలసటేటి?" అనేవాడు మొగుడు. తనూ అదే అనుకుంది. ఒళ్ళు బద్ధకిస్తోందని తనను తనే తిట్టుకునేది. ఎనిమిది పాయింట్లతో ఇరవయ్యారేళ్ళు కొండెక్కి, కొండ దిగి, మోపు దించి వంట చేసిందన్న సంగతి ఇవాళే తెలిసింది. గజపతినగరంలో బస్సు ఆగేసరికి ఆ సిగ్గు పోయింది. నేనేం తక్కువ మనిషిని కాదు, అనుకుంటూ దిగింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వార్చి, తోటకూర పప్పు దించి, ముందుగా తన కంచం పెట్టుకుని కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వెనకనించి ఎవరో చూస్తున్నట్టనిపించింది. చూస్తున్నారు కూడా.

"ఓలమ్మో! మగోడింకా కాళ్ళు కడగనేదు, దీని కంచం సగం కాళీ!" అంది దేముడమ్మ గుమ్మంలోంచి.

"డాక్టరమ్మ రాసినాదత్తా."

"రాస్తాది. దానికి అత్త లేదు కావాల."

పద్మకుమారి రెండో ముద్ద కలిపింది. అప్పుడు తెలిసింది, పప్పు ఎంత బాగుందో. పొగలు కక్కే అన్నంలో తన పప్పు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు. ఉప్పు చాలిందో లేదో చూడ్డానికి అరచేతిలో చుక్క నాకడమే తప్ప. ఓస్, నాను ఇంత బాగా వండుతానా, అనుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఆదివారం గిరిబాబు మేకమాంసం తెచ్చాడు. ఆ ఇంట్లో కార్జం, అదే కాలేయం, ఎప్పుడూ మగాడి కంచంలోకే వెళుతుంది. పద్మకుమారి దాన్ని మూడు పాళ్ళు చేసి, తన పాలు తిని, మిగతాది వడ్డించింది.

"కార్జం తగ్గిందేటే?"

"తగ్గనేదు బావా. మూడు పాళ్ళు సేసినాను."

"నువ్వెప్పుడూ తినవు కదా!"

"నువ్వెప్పుడూ పెట్టనేదు. నీకు పద్నాలుగున్నర, నాకు ఎనిమిది. ఒకే కుండ."

గిరిబాబు కంచం తోశాడు. లేస్తాడనుకుంది. లేవలేదు. కాసేపటికి కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

నెలన్నర తర్వాత చూపిస్తే పది పాయింట్ ఒకటి. మాత్రలకు కడుపు బిగదీసేది, నోరు తుప్పుపట్టినట్టు ఉండేది. అయినా మానలేదు. టీ మానడమే అన్నిటికన్నా కష్టమైంది. కొండెక్కుతుంటే మాత్రం కాళ్ళు తేలిగ్గా వస్తున్నాయి. దిగేటప్పుడు మునుపు మూడు చోట్ల మోపు దించేది, ఇప్పుడు ఒక్కచోట దించుతోంది.

ఒక మధ్యాహ్నం ఆమె తింటుంటే దేముడమ్మ తన కంచం తెచ్చుకుని పక్కన చతికిలబడింది. "ఏటి సూస్తావు? నాకూ ఎయ్యి. నీ మావ ఉన్నన్నాళ్ళూ నాను వేడికూడు తిన్న గేపకం నేదు" అంది. పద్మకుమారి పెద్ద గరిటెతో వేసి, నెయ్యి వేసింది. ముసలామె ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తింది. ఆ సాయంత్రం వీధరుగు మీద కూర్చుని, "మా కోడలికి రగతం పది దాటీసినాది" అని పక్కింటి తాయారుకి చెబుతుంటే పద్మకుమారి చెవిన పడింది.

మూడో నెల ఆఖరి వారంలో మళ్ళీ విజయనగరం వెళ్ళింది. ఈసారి ఒక్కతే. పన్నెండు పాయింట్ రెండు. డాక్టరు ఆ అంకె చుట్టూ గీత గీసి, టీకాల కార్డు మీద ఆఖరి గడి నింపి, ఎత్తులో తల తిరగకుండా మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, సంతకం పెట్టింది. "ఇంత బాగా మాట విన్నవాళ్ళు నాకు తక్కువ" అంది. పద్మకుమారి కాగితం మడత పెట్టలేదు. నలగకుండా ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది. బస్సులో పక్కనున్నామె ఏమిటమ్మా అదని అడిగితే, "నా రక్తం" అంది.

ఇంటికొచ్చి వంట చేసి, కంచం ముందు కూర్చుంది. గిరిబాబు ఆ కాగితం అందుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు, తల్లికి వినిపించాడు. మొహంలో వద్దన్నా దాగని సంతోషం ఉంది. కొండ ఎన్నివేల అడుగులో ఝాన్సీని అడిగి తెలుసుకున్నానన్నాడు, టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, తల గోక్కుంటూ, ఆమె కంచం వైపు చూశాడు.

"కొండ దిగొచ్చీసినాక మళ్ళీ మామూలేనా?"

"ఇదే మామూలు బావా. ఇన్నాళ్ళూ ఉన్నాది కాదు" అని పద్మకుమారి అన్నం కలుపుకుంది.