వెస్లీ కొట్టిన బంతి

సాయంత్రం నల్లా నీళ్లు పట్టుకోవడం అయ్యాక, సుజన చాయ్ పెట్టి సంతోష్‌నగర్‌లోని తమ డాబా మీదికి తీసుకెళ్లేది. అక్కడ ఇద్దరు మగవాళ్లు తలలెత్తి కూర్చొని ఉండేవాళ్లు. ఒకరు ఆమె భర్త వెస్లీ, ఇంకొకరు అతని స్నేహితుడు సాగర్. కంచన్‌బాగ్ వైపు, మైదానానికి పైన, ఆకాశంలో నిమ్మకాయంత సైజులో, తెల్లగా వెస్లీ కొట్టిన బేస్‌బాల్ బంతి నిలబడి ఉండేది. వానొచ్చినా గాలొచ్చినా అది అక్కడే. కొత్తవాళ్లు దారి అడిగితే, "బంతి కిందికెళ్లి ఎడమకు తిరుగు భాయ్" అని చెప్పేవాళ్లు.

వెస్లీ అంటే మాటలా! అతను బ్యాటు పట్టుకుని నిలబడితే అవతలి జట్టంతా మైదానం గోడ దాకా వెనక్కి నడిచేది. బడిలో ఆటలు నేర్పిన డానియేలు సారు చింతకట్టెతో చెక్కించి ఇచ్చిన బ్యాటుతో మొదలుపెట్టి, రాష్ట్ర జట్టుకు కెప్టెన్ అయ్యాడు. దేశం జట్టులోకి తీసుకుంటారని అందరూ అనుకుంటున్న ఏడాదే ఆ మైదానంలో బస్తీ జట్ల ఫైనల్ జరిగింది. ఆఖర్లో వెస్లీ ఒక బంతిని బలంగా లేపాడు. గోడ అవతల పడితే అతని జట్టు గెలిచినట్టు. పడేలోపు అవతలి జట్టు ఆటగాడు సాగర్ పట్టేస్తే వెస్లీ ఔటు, కప్పు వాళ్లది. బంతి పైకి వెళ్లింది గాని కిందికి రాలేదు. అంపైరుగా ఉన్న డానియేలు సారు చీకటి పడేదాకా చూసి, "దిగినంక చెప్త" అని ఇంటికెళ్లిపోయాడు.

దేశం జట్టు నుంచి పిలుపు వచ్చింది. వెస్లీ వెళ్లలేదు.

"ఉన్న ఆటే ఒడవలే. ఇంకో ఆట ఎట్ల ఆడుత?" అని వెల్డింగ్ షాపులో చేరాడు. సాగర్ కూడా అంతే. బహదూర్‌పురాలో పని ముగించుకొని, ఎడమ చేతికి గ్లౌజు తొడుక్కొని రోజూ వచ్చేవాడు. పెళ్లి మాటెత్తితే, "బంతి దిగనీ వదినా" అనేవాడు.

ఆ మ్యాచ్ అయిన కొన్నాళ్లకే సుజన పెళ్లి. పాస్టరు గారు ప్రమాణం చేయిస్తుంటే కూడా పెళ్లికొడుకు కిటికీలోంచి పైకే చూశాడు. తర్వాత చాయ్ ఇచ్చినా పైకి చూస్తూనే అందుకునేవాడు. మంచివాడే, పల్లెత్తు మాట అనేవాడు కాదు. కానీ ఆమె కొత్త చీర కట్టుకున్నా, జ్వరంతో కళ్లు పీక్కుపోయినా అతనికి కనబడేది కాదు. 'పడి చావరాదే నువ్వు!' అని ఆ బంతిని ఎన్నిసార్లు తిట్టుకుందో.

"ఏందయ్యా, ఒక్కపారి నా దిక్కు చూడరాదు?" అని అడిగేది.

"దిగినంక నిన్నే చూస్త సుజనా. ఫికర్ చెయ్యకు."

ఇరవై ఏళ్లకు పైగా ఇట్లానే గడిచాయి. మొన్న ఎండాకాలంలో, షాపులో పని చేస్తూ చేస్తూనే వెస్లీ గుండె ఆగిపోయింది.

డానియేలు సారు కోరిక మీద శవపెట్టెను మైదానంలోంచి తీసుకెళ్లారు. సాగర్ చేతి గ్లౌజు తీయకుండానే పెట్టెకు ముందు వైపు భుజం పట్టాడు. నడుమకు రాగానే వెనక ఎవరో అరిచారు.

"దిగుతున్నది! బంతి దిగుతున్నది!"

సాగర్ కాలు దానంతటదే ముందుకు పోయింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. "అన్న పడిపోతడు!" అని తనే కేక వేసి, భుజం మళ్లీ పెట్టె కింద ఆనించి, రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. ఉరికితే బంతి అతనికి అందేదే. అది తొందరేమీ లేకుండా దిగి గోడ అవతల పడింది. డానియేలు సారు చేయెత్తి, "హోమ్‌రన్" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుజనకు ఏడుపు రాలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టి, "గెలిచినవ్" అని మాత్రం చెప్పింది.

మర్నాడు సాయంత్రం అలవాటు కొద్దీ సాగర్ వచ్చాడు. చేతికి గ్లౌజు లేదు. సుజన కూడా అలవాటు కొద్దీ మూడు కప్పులు తెచ్చింది. అతను పైకి చూశాడు. అక్కడేమీ లేదు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక మెల్లగా తల దించి, ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"వదినా, నీ తల గిట్ల ఎప్పుడు నెరిసింది?"

 సుజన కప్పుల పళ్లెం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకొని, వెస్లీ పోయాక మొదటిసారి ఏడ్చింది.

"మీ అన్న చూడనే లే సాగర్. దిగినంక చూస్తనన్నడు."