పసుపు టోపీల సర్వే

చలికాలంలో ఆదివారం పొద్దున్నే దుప్పటి వదిలిపెట్టి పల్లెల వెంట పడి నడిస్తే ఆరోగ్యమని టైలరమ్మకు నచ్చజెప్పింది ఆమె వదిన. వారమంతా మెషిన్ తొక్కే కాళ్లకు మళ్లీ నడకెందుకని టైలరమ్మ అడిగింది.

"అది పని, ఇది ప్రకృతి" అంది వదిన.

ఇద్దరూ చేరిన నడక సంఘం అధ్యక్షుడు ఒక రిటైరైన ఆఫీసరు. ఉద్యోగమున్నన్నాళ్లూ కుర్చీలోంచి లేవని మనిషి ఇప్పుడు నడక గురించి గంటలకొద్దీ మాట్లాడతాడు. మెడలో విజిల్, చేతిలో అంగుళాల గీతలున్న కర్ర. మిగతా పదిమందికీ టైలరమ్మే కుట్టిపెట్టిన పసుపు టోపీలు. ఆనాటి కార్యక్రమం రెండు పల్లెలు, ఒక అడవి, ఒక లోయ, మధ్యలో పావుగంట మౌనం. మౌనం ఎలా పాటించాలో ఆయన ఇరవై నిమిషాలు వివరించాడు.

మొదటి పల్లెలో కుక్కలు తరిమాయి. అడవిలో జట్టులోని మందుల షాపాయన చెట్టుచెట్టుకీ ఆనుకుని ఫొటోలు దిగాడు. ఈలోగా పొగమంచు కమ్మింది, ఫోన్లలో సిగ్నల్ పోయింది.

"దారి తప్పామా అండీ?" అని అడిగింది వదిన.

"మనం తప్పలేదు. దారే మారింది" అన్నాడు ఆఫీసరు.

మారిన దారి వాళ్లను లోయలోని రెండో పల్లెకు దించింది. వాగొడ్డున కట్టెల మోపు ఎత్తుకుంటున్న ఒకామె వీళ్ల పసుపు టోపీలూ గీతల కర్రా చూసి మోపు కింద పడేసింది.

"రండర్రా! కొలతలవాళ్లు వచ్చారు!"

అయిదు నిమిషాల్లో కుర్చీలు వచ్చాయి, వేడి పాలు వచ్చాయి. ఊరి పెద్దావిడ ఆఫీసరు ముందు చేతులు జోడించింది.

"అర్జీ పెట్టి మూడేళ్లయింది బాబూ. ఈ వాగు మీద చిన్న వంతెన చాలు. పిల్లలు ఈ చలిలో మోకాళ్ల దాకా తడిసి బడికి పోతున్నారు."

చేతులు జోడించినవాళ్లు ఎదురుగా నిలబడి ఎన్నాళ్లయిందో, ఆఫీసరు వెన్ను దానంతటదే నిటారైంది. గొంతు సవరించుకుని కర్రను ఒడ్డున గుచ్చాడు.

"వెడల్పు పదహారు అడుగులు. రాసుకోండి."

మందుల షాపాయన నిజంగానే రాసుకున్నాడు.

"వచ్చే చలికాలానికి మీరంతా వంతెన మీదే నడుస్తారు" అన్నాడు ఆఫీసరు. జనం చప్పట్లు కొట్టారు.

టైలరమ్మ పాల గ్లాసుతో వదిన పక్కకు జరిగింది. "వదినా, నిజం చెప్పేద్దాం" అంది చిన్నగా.

"ఊరుకోవే! పాపం, ఎంత సంబరపడుతున్నారో చూడు."

టైలరమ్మ గ్లాసు పక్కన పెట్టి లేచింది. "అమ్మా, మేం కొలతలవాళ్లం కాదు. ఊరికే నడుస్తూ వచ్చాం."

"ఊరికేనా? ఎక్కడికి పోతూ?"

"ఎక్కడికీ కాదు. తిరిగి ఇంటికే."

"బస్సు దొరకలేదా తల్లీ?" పెద్దావిడ నిజమైన జాలితో అడిగింది.

కార్యక్రమంలో రాసుకున్న మౌనం అప్పటికి కుదిరింది. ఎవరూ తిట్టలేదు. ఇచ్చిన పాలు తాగమన్నారు. బస్సు రోడ్డు వాగుకు అవతలుందని చెప్పారు.

చెప్పులూ బూట్లూ చేతుల్లోకి వచ్చాయి. తనకు బీపీ ఉందన్నాడు ఆఫీసరు. కట్టెలామె భర్త ఆయన్ను వీపున ఎక్కించుకున్నాడు. "జాగ్రత్తగా అడుగెయ్యవయ్యా, నీళ్లు చల్లగా ఉంటాయి" అని ఆయన పైనుంచి హెచ్చరిస్తూనే వాగు దాటాడు. టైలరమ్మ పెద్దావిడ చెయ్యి పట్టుకుని దిగింది. వెయ్యి సూదులు ఒక్కసారి గుచ్చినట్టయింది.

బస్సులోనే టైలరమ్మను సంఘం నుంచి తీసేశారు. వదిన కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చుంది.

మంగళవారం టైలరమ్మ షాపు మూసి, పెద్దావిడను వెంటబెట్టుకుని రోడ్ల ఆఫీసుకు వెళ్లింది.

"మీదీ ఆ ఊరేనా?" అడిగాడు గుమాస్తా.

"కాదండీ."

"మరి మీకేం సంబంధం?"

"ఆ వాగు నేనూ దాటాను."

నాలుగోసారి వెళ్లాక అసలు సర్వేయరు కదిలాడు. కారులో వాగు దాకా వచ్చి, నీళ్లు చూసి, రోడ్డు వైపు ఒడ్డునే నిలబడి కళ్లతోనే కొలిచాడు. పన్నెండు అడుగులని రాసుకున్నాడు.

"ఈయనైనా అసలువాడేనంటావా?" గుసగుసగా అడిగింది పెద్దావిడ.

టైలరమ్మ బ్లౌజులు కొలిచే టేపు సంచిలోంచి తీసి, ఒక కొస ఆవిడ చేతికిచ్చింది. "పట్టుకో అమ్మా. ఆయన వెళ్లేలోగా మనం సరిగ్గా కొలుద్దాం" అని చీర కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగింది.