తిరిగి కొనుక్కోని పిల్ల

బందరు ఆఫీసులో గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

"మామ్మగారూ, పదో తరగతి సర్టిఫికెట్లో తండ్రి పేరు పోతయ్య. ఆదాయం సర్టిఫికెట్లో వెంకటాద్రి. పిల్లకి ఇద్దరు నాన్నలా?"

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నా మనవరాలు హిమబిందు తల దించుకుంది.

"ఎల్లుండి శుక్రవారం ఐదింటికి ఆఖరు. ఇద్దర్నీ మీ మండలాఫీసరు గారి ముందు నిలబెట్టి, కన్నతండ్రి ఎవరో రాయించుకు రండి. ఆ పోతయ్యగారి సంతకం ఉండాలి. లేకపోతే సీటు తర్వాతి అమ్మాయికి వెళ్ళిపోతుంది."

అది నర్సు శిక్షణ. పద్దెనిమిది నెలలు. హాస్టలు ప్రభుత్వానిదే, నెలనెలా స్టయిపెండు కూడా ఇస్తారు. పేపర్లో ఆ ప్రకటన చూసింది నేనే. బడి గడప తొక్కకపోయినా, కిరాణా పొట్లాల కాగితాలు విప్పి కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. ఫారం మూడుసార్లు చదివాను. తండ్రి పేరు దగ్గర మాత్రం నా కళ్ళు ఆగలేదు.

బళ్ళో పోతయ్య పేరు రాయించింది నేనే.

ఉప్పెనలో మా ఆయన, పెద్దకొడుకు పోయారు. మిగిలిన వెంకటాద్రికి పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోది హిమబిందు పుట్టిన నాడు నేనే దాన్ని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టాను. పక్కింటి పోతయ్య భార్య తవుడు ఇచ్చి కొనుక్కుంది. అలా అమ్మేస్తే ఆ పిల్ల మాది కాదని మృత్యువు పక్కకి పోతుందని మా వైపు నమ్మకం. వాళ్ళకి పిల్లలు లేరు. పిల్ల మా ఇంట్లోనే పెరిగినా, బళ్ళో వేసే రోజున "తండ్రివి నువ్వేనని చెప్పరా" అని పోతయ్యను పంపాను. పిల్ల ఈడేరే లోపు కొన్నవాళ్ళకి కొత్తబట్టలు పెట్టి తిరిగి తెచ్చుకోవాలి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ వాయిదా వేశాను. ఈలోగా పోతయ్య భార్య పోయింది. అతను గుడివాడ మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాడు. అతని పేరు మాత్రం పిల్ల సర్టిఫికెట్లో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం గుడివాడ బయలుదేరాం. పామర్రులో బస్సు మారేలోపే టిక్కెట్టు ఎక్కడ పెట్టానో నాలుగుసార్లు వెతుక్కున్నాను.

పోతయ్య మమ్మల్ని చూసి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఏం పిన్నీ, దారి తప్పారా? పిల్లకి పెళ్ళా?"

"పెళ్ళెవరికి కావాలి కొన్న నాన్నా? నర్సునవుతున్నా," అంది హిమబిందు.

అతను సంబరపడి గోలీసోడా తెప్పించాడు. నేను సంగతి చెప్పాను. సోడా తాగుతున్న వాడల్లా సీసా కింద పెట్టేశాడు.

"అంటే నాకూ ఈ పిల్లకీ ఏ సంబంధమూ లేదని రాసివ్వాలి."

"కాగితం మీదే కదరా."

"కాగితం మీద తప్ప నాకు పిల్లేది పిన్నీ?"

అతనే మళ్ళీ అన్నాడు:

"అమ్మింది మీరు. తిరిగి కొనుక్కున్నారా? కొనుక్కోండి. అప్పుడు 'ఇచ్చేశాను' అని సంతకం పెడతా. 'నాది కాదు' అని మాత్రం పెట్టను."

ఇన్నేళ్ళూ అది పరాయి పిల్లని చెప్పుకునే కాపాడుకున్నాను. ఇవాళ నాదని గట్టిగా అంటే ఆ మృత్యువు వింటుందేమో!

"ఈ శిక్షణ కాకపోతే ఇంకోటి వస్తుందిలేవే. ఇంటికి పోదాం పద," అన్నాను.

హిమబిందు కదల్లేదు. "నానమ్మా, నీ భయం నన్ను చావు తీసుకుపోతుందనా, హాస్టలు తీసుకుపోతుందనా?"

"నోర్ముయ్."

"ఏదో ఒకటి చెప్పు."

లేచి మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టుకి నడిచాను. పంచె, కండువా కొని తెచ్చాను. మిల్లు అరుగు మీద, పని ఆపి హమాలీలు చూస్తుండగా వాటిని పోతయ్య చేతిలో పెట్టి, "నా పిల్లను నాకియ్యరా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా, పిన్నీ."

"నా పిల్లను నాకియ్యి!"

అతను హిమబిందు చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇకనుంచి మీదే బాధ్యత," అని కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు. దారంతా నేను ఆ చెయ్యి వదల్లేదు. బస్సు గట్టిగా బ్రేకు వేసినప్పుడల్లా దాని మొహం చూశాను.

శుక్రవారం పోతయ్య ఆ కొత్త పంచె కట్టుకునే వచ్చాడు. వెంకటాద్రి, అతను పక్కపక్కన నిలబడ్డారు. మండలాఫీసరు, 'తిరిగి ఇచ్చేశాను' అని మేం రాయించుకెళ్ళిన కాగితం చదివి, "తిరిగి ఇవ్వడమేమిటయ్యా? పిల్లా, గేదా?" అన్నాడు.

"మీరు రాసుకోండి సార్. మాకు తెలుసు," అన్నాడు పోతయ్య. సంతకం పెట్టడం ఒక్కటే నేర్చుకున్నాడు, చదవడం రాదు. ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టాడు. కన్నతండ్రి వెంకటాద్రేనని ఆఫీసరు కింద రాసిచ్చాడు.

నాలుగున్నరకి బందరు చేరాం. గుమాస్తా కాగితాలన్నీ చూసి ముద్ర కొట్టాడు. "సోమవారం హాస్టల్లో చేరాలి. ఆదివారాలు చూడ్డానికి వచ్చేవాళ్ళ పేర్లు రాయమ్మా. రెండే."

హిమబిందు ఒకటి రాసింది, వాళ్ళమ్మ అనసూయ పేరు. కాసేపు కలం పట్టుకుని ఆలోచించింది. నేను పైట సర్దుకుని దగ్గరికి జరిగాను. రెండోది రాసింది. పోతయ్య. వరస అన్నచోట "బంధువు" అని పెట్టింది.

"నువ్వొస్తే ఏడుస్తావు నానమ్మా," అంది నా వైపు చూడకుండా. "నేనూ వెనక్కి వచ్చేస్తాను."

వెంకటాద్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పోతయ్య ఆ ఫారం మీదికి వంగాడు.

"ఇందులో నా పేరు ఉందా పిన్నీ? ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

"మరి మీదేది?"

"నాకు బస్సు పడదులేరా," అన్నాను. గోడ మీద గడియారం చూశాను. ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. అయినా లేచి నిలబడ్డాను.