పితికిపప్పు, ప్లాస్మా

"చేతులే కదా పనిలో ఉండేది, కండ్లు ఖాళీగానే ఉండాయి కదా," అంటూ మా ఆయన పురుషోత్తమ్ మళ్ళీ నా ముందు ల్యాప్‌టాప్ పెట్టాడు. నేను నానిన అనపగింజలు పితుకుతున్నాను. ఆరుగురికి పితికిపప్పు కూర కావాలంటే ఒక్కో గింజా వేళ్ళ మధ్య నొక్కి తొక్క తీయాల్సిందే. తినేటప్పుడు ఎవరికీ నా వేళ్ళు గుర్తుకురావు.

తెర మీద గీతలు. పెళ్ళైన కొత్తలో ఇద్దరం బెంగళూరులో ఒకే ల్యాబ్‌లో కూర్చుని చూసిన గీతలే. సూర్యుడిలా శక్తి పుట్టించే యంత్రంలో అయస్కాంతాలతో పట్టి ఉంచిన ప్లాస్మా, అంటే కోట్ల డిగ్రీల వేడి వాయువు, ఒక్కోసారి అదుపు తప్పి గోడను తాకుతుంది. అంతకు ముందు గీతలో సన్నని వణుకు వస్తుంది. అది ఎక్కడ మొదలైందో మనిషి గుర్తు పెట్టి చూపిస్తే కంప్యూటర్ మోడల్ నేర్చుకుంటుంది, మరోసారి ముందే పసిగట్టి అయస్కాంతాలను సర్దుతుంది. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేసి చింతామణిలో అత్తగారింట్లో ఉండిపోయాను. అతను మాత్రం ఇక్కడి నుంచే అదే ల్యాబ్‌కు పని చేస్తున్నాడు. నేను గీత చూసి "ఇక్కడ" అంటాను, అతను అక్కడ నొక్కి గుర్తు పెడతాడు.

మొదట్లో "ఊరికే, టైంపాస్‌కి" అనేవాడు. టైంపాస్‌కి రోజుకు నలభై గీతలా? అడిగితే "నీకన్నీ అనుమానాలే" అని నవ్వాడు. పోయిన వారం మళ్ళీ ల్యాబ్‌లో చేరతానంటే, "ఇప్పుడు పోస్టులు యాడుండాయి?" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. ఆరేళ్ళలో అడగకుండా మూర పూలు తెచ్చిన మనిషి కాదు. పెట్టుకున్నాను గానీ మనసు కుదుటపడలేదు. అనుమానం మంచిది కాదని అత్తగారు లక్ష్మీనరసమ్మ కూడా అంటారు. అదేమన్నా ఊరికే పుడుతుందా?

ఇంతలో మీటింగ్ కాల్ వచ్చింది. ల్యాబ్ పెద్ద చైత్ర మేడమ్ గొంతు హాలంతా వినిపించింది.

"పురుషోత్తమ్, మీరు పెట్టిన గుర్తులతో మోడల్ ముప్పై మిల్లీసెకన్లు ముందే హెచ్చరిస్తోంది. ఈ ఒక్కదానిలో మాత్రం గుర్తు అంత ముందు ఎందుకు పెట్టారు? కాస్త వివరంగా చెప్పండి. ఈ పనికి ఇంకొకరి కోసం వెతికి వెతికి రెండు నెలలైంది, ఆ పోస్టుకు ఎవరూ దొరకడం లేదు."

నా ఒళ్ళు మండిపోయింది. గుర్తులు అతనివట. పోస్టు రెండు నెలలుగా ఉందట.

అతను మైక్ ఆపి నా వైపు తిరిగాడు. "ప్రమోదా, తొందరగా చెప్పు. ఆడ ఎందుకు పెట్టినావు?"

"చెప్పమ్మా, వాళ్ళు కాచుకోనుండారు," అన్నారు వంటింట్లోంచి అత్తగారు. "చెప్పేసి ఆ పప్పు తే, ఎసురు మరుగుతాండాది."

జవాబు నాకు తెలుసు. తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు గీతలు; అందరూ చూసేది పై గీత, వణుకు మొదలైంది కింది గీతలో. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. మైక్ నేనే నొక్కాను.

"మేడమ్, నేను ప్రమోదని. ఆ గుర్తులన్నీ పెట్టింది నేనే. ఎందుకో చెప్తాను. ముందు ఆ పోస్టు సంగతి చెప్పండి."