డీజిల్ మేత ముట్టలేదు

పదకొండు రోజులైంది, డీజిల్ మేత ముట్టలేదు. డీజిల్ అంటే లోర్నా తమ్ముడు వెండెల్ పెంచుకున్న గడ్డం తొండ. మూరెడు పొడవు, గొంతు కింద ముళ్లు, ఎవరు పలకరించినా విసుక్కునే ముఖం. వెండెల్ లారీ మెకానిక్. పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. జనవరిలో గుండె ఆగి పోయాడు. వాడిదంటూ లోకంలో ఊపిరి తీసేది ఈ తొండ ఒక్కటే మిగిలింది. ఇదీ పోతే తమ్ముడు రెండోసారి పోయినట్టేనని లోర్నా దాన్ని అమెరికా ఉత్తరాన, డులూత్ ఊళ్లో తన వంటింట్లోకి తెచ్చుకుంది.

ముప్పై ఏళ్లు బడి వంటశాలలో మొండి పిల్లల చేత కూరగాయలు తినిపించిన మనిషి ఆమె. తొండ ఏపాటి అనుకుంది. గాజు తొట్టికి ఒక పక్క వేడి దీపం, ఇంకో పక్క నీడ అమర్చింది. ఆవాకు సన్నగా తరిగింది. బతికున్న కీచురాళ్లను తెచ్చి ఒక్కొక్కటే వదిలింది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టింది. డీజిల్ కీచురాయిని చూసి కళ్లు మూసుకునేది. తక్కిన పొద్దంతా బెదిరినట్టు గొంతు కింద గడ్డం నల్లగా చేసుకుని గాజు గీరేది. తోక మొదలు రోజురోజుకీ సన్నబడుతోంది.

పక్కింటి ఇంగా వచ్చి, ఇది వెండెల్ కంటే మొండిది, వదిలేసి పిల్లిని పెంచుకోమంది. లోర్నా ఆమెకి కాఫీ కూడా పొయ్యలేదు.

పన్నెండో రోజు, దిక్కులేని పాములకీ తొండలకీ ఆశ్రమం నడిపే రోసలిన్, లోర్నా ఫోన్ చేస్తే మంచులో కారు నడుపుకుంటూ వచ్చింది. దీపం చూసింది, వేడి కొలిచింది, తొండ నోరు తెరిచి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయంది. లోర్నాకి ఆ మాటతో ఉన్న ఆశ కాస్తా జారిపోయింది. తప్పేదో దొరికితే దిద్దుకోవచ్చు కదా.

"అక్కడ ఇది దేనిమీద పడుకునేది?" అని అడిగింది రోసలిన్.

"మా వాడి పని చొక్కా మీద. అదే, ఇప్పుడు దాని కింద ఉన్నదే. ఉతికి వేశాను."

"ఎన్నిసార్లు ఉతికారు?"

"మూడుసార్లు. గ్రీజు కంపు ఓ పట్టాన వదల్లేదు."

వెండెల్ ఉండే ఊళ్లో మనిషి పోతే చర్చి ఆడవాళ్లు బకెట్లతో దిగుతారు. పోయినవాడి మురికి పరాయివాళ్ల కంట పడకూడదు. వెండెల్ గది చూసి లోర్నా సిగ్గుతో చచ్చిపోయింది. ఆరుగురిని వెంటబెట్టుకుని రెండు రోజులు తోమించింది. తొట్టిని బ్లీచుతో కడిగింది తనే. చొక్కా ఉతికి ఇస్త్రీ కూడా చేసింది.

రోసలిన్ తొట్టిలోని చొక్కా అంచు ఎత్తి వాసన చూసింది.

"ఖాయంగా చెప్పలేనండీ. కానీ చోటు మారిన జీవానికి పాత వాసనే ఇల్లు. ఉతకనిది ఆయనది ఇంకేమన్నా ఉందా?"

లోర్నా నేలమాళిగలోకి పరిగెత్తింది. పెట్టెలు బోర్లించింది. టోపీ, చేతి తొడుగులు, బూట్లు, దిండు గలీబు. ఒక్కొక్కటే ముక్కుకి ఆనించుకుంది. అన్నీ నిమ్మకాయ సబ్బు వాసనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలన్నా, ఆకు మిగల్లేదు. బూటు లోపలికి ముఖం పెట్టి గట్టిగా పీల్చినప్పుడు తెలిసింది ఆమెకి, తను వెతుకుతున్నది తొండ ఒక్కదాని కోసమే కాదని. తమ్ముడి వాసన ఎలా ఉండేదో అప్పుడే సరిగ్గా గుర్తు రావడం లేదు. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

పైకొచ్చేసరికి రోసలిన్ కోటు తొడుక్కుంటోంది. రేపు పొద్దున తీసుకొస్తే గొట్టంతో మేత పట్టి చూద్దామంది, బతుకుతుందని మాత్రం అనలేదు.

లోర్నా టోపీని తొట్టిలో పెట్టింది. డీజిల్ మెల్లగా పాకి వచ్చి, వాసన పట్టడానికి నాలుక చాచి దాన్ని ఒకసారి తాకింది. కాసేపు ఆగి ఇంకోసారి తాకింది. తర్వాత వెనక్కి తిరిగి, గాజు మూలకి ముఖం పెట్టుకుని కళ్లు మూసుకుంది.